కవిత నిలబెట్టిన గుంపులో

బుధవారం

కవిత మీద నాలో ఇంత కుళ్ళు ఉందని ఇవాళే తెలిసింది.

మా బూట్ల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుట్టుపని వాళ్లకు ఇన్నేళ్లూ నేనే నెలంతా క్లాసు చెప్పి, చివర్లో పరీక్ష పెట్టేదాన్ని. బాగాయం ఊరి నుంచి, పెద్ద చదువు చదువుకుని ఈ పిల్ల వచ్చాక అదంతా పోయింది. తన పద్ధతిని అజైల్ అంటుంది. వారానికి ఒక్క చిన్న పని నేర్పాలట. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి ఎక్కడ ఇబ్బందో చెప్పుకోవాలట. దాన్నిబట్టి పాఠం మార్చాలట.

ఇవాళ మేనేజరు నన్నూ వెళ్లి చూడమన్నారు. నా క్లాసులో నోరు విప్పని మేరీయే అందరికన్నా ముందు మాట్లాడింది.

"మడత కాడ దారం తెగతా ఉండాదక్కా. యాడ తప్పు చేస్తా ఉండానో తెలీలేదు."

"నాకూ అంతే!" అంది పక్కనున్నామె. అందరూ నవ్వారు.

"అయితే ఈ వారం మడత ఒక్కటే చూస్తాం," అంది కవిత.

సాయంత్రం గుడియాత్తం బస్సులో మేరీ నా పక్కనే కూర్చుంది. ఉండబట్టలేక అడిగాను.

"నా క్లాసులో ఒక్కనాడన్నా అడిగినావా మేరీ?"

"మీరు అంత బాగా చెప్తా ఉంటే, నడమ అడ్డం వచ్చేదానికి భయమేసేదక్కా."

మెచ్చుకుందో, ఏమందో...

కవితకున్న చదువు చూసి కాదు నా బాధ. నా ముందు వాళ్లెప్పుడూ అలా నవ్వలేదు.

రేపటి నుంచి నేనూ ఆ గుంపులో నిలబడి మాట్లాడాలట. "మీకు యాడ ఇబ్బందిగా ఉండాదక్కా?" అని కవిత అందరి ముందూ అడుగుతుంది. నా ఇబ్బంది నువ్వేనమ్మా అని ఎలా చెప్పను...