మోతి మొరగలేదు

బుధవారం, పడుకోబోయే ముందు

పొద్దుటి నుంచి మోతికి వాంతులు, విరేచనాలు. పశువుల దవాఖానలో సూది వేసి, ఇవాళ్టికి తిండి పెట్టొద్దని, నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా తాగించమని చెప్పారు. వాకిలి కడిగీ కడిగీ నా చేతులు ఫినాయిల్ వాసన కొడుతున్నాయి.

నా అనుమానమంతా పక్కింటి మల్లయ్య మీదే. పోయిన వారం మోతి వాళ్ల కోడిపెట్టను పట్టినప్పుడు, "నీ కుక్కను కట్టేసుకో చెల్లె, లేకుంటే మందు పెడ్త" అని గోడ మీది నుంచే అన్నాడు.

సాయంత్రం ఆ మనిషే గిన్నెలో పెరుగన్నం పట్టుకొని వచ్చాడు.

"కుక్కకు పానం బాగలేదంట గద. జర గిది పెట్టు, కడుపు సల్లవడ్తది."

"డాక్టరు ఇయ్యాల ఏం పెట్టొద్దన్నడు మల్లన్నా. రేపు పెడ్త" అని గిన్నె తీసుకున్నాను. అది ఇంకా గూట్లోనే ఉంది. పారబోయడానికీ చేయి రావడం లేదు, దాని ముందు పెట్టడానికీ చేయి రావడం లేదు.

మల్లయ్య గొంతు వింటేనే గొలుసు తెంపుకునేంత పని చేసే మోతి ఇవాళ మొరగలేదు. లేవలేక లేచి, తోకాడిస్తూ వెళ్లి అతని అరచేయి నాకింది.

ఆ చేతి తిండి దీనికి ఎప్పుడు అలవాటైంది?