నాలుగో బస్సు

బోధన్,
14 జులై 2025.

చిన్ననాటి మిత్రుడు మధుకర్‌కు,

తుకారాం నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, ఉమారాణి చెల్లె, పిల్లలు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. నీ తప్పేమీ లేదులే. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మన కాలనీ కబుర్లు. చక్కెర ఫ్యాక్టరీ వెనుక నీ పాత ఇంట్లో ఇప్పుడు ఈరవ్వ బీడీలు చుడుతోంది. నువ్వు నాటిన జామచెట్టు ఈసారి విరగకాసింది. కాలనీకి సగం ధర రైలు టికెట్ వచ్చాక నిజామాబాద్‌కు పనికి పోయే మగవాళ్లు పెరిగారు. "మా ఆడోళ్లకు బస్సు ఫ్రీ అంటే ఏడ్సినవ్ గద, ఇప్పుడు నీ మొకం సూడు" అని మా సుమిత్ర రోజూ ఎక్కిరిస్తుంది. రైలు దిగిన గంటలోపు అదే టికెట్ మీద టౌన్ బస్సు ఎక్కవచ్చు కాబట్టే మిల్లులో నా వాచ్‌మన్ కొలువు గిట్టుబాటవుతోంది.

ఇక ఆ రోజు సంగతి. గంట దాటిందని, నువ్వు కండక్టర్‌గా ఉన్న బస్సులో నా టికెట్ చెల్లదన్నావు. జానకంపేట దగ్గర రైలు ఆగిపోయిందని నేనన్నాను. "ఆ రైలు దిగినోళ్లు ఎప్పుడో పోయిండ్రు. నువ్వైనా గంతే, ఇంకెవరైనా గంతే, దిగు" అన్నావు. ఒకే చెరుకు గడ విరుచుకుని తిన్నవాళ్లం. బస్సునిండా జనం చూస్తుండగా దిగాను.

ఆ కోపంలో హన్మాండ్లు అన్నకు కూడా రైలు లేటనే చెప్పాను. ఈ టికెట్ కోసం రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి, ఊరుకుంటాడా. రైలు లేటైతే ఆ సమయం కలపాలన్న రూల్ చూపించి మీ డిపోకు ఫిర్యాదు రాశాడు. కింద నేను సంతకం పెట్టాను.

విచారణ అయ్యేదాకా నిన్ను డ్యూటీకి రావద్దన్నారని నిన్న తెలిసింది. అన్నం సయించలేదు. గురువారం నన్నూ పిలిచారు. వస్తాను. నువ్వు రూల్ ప్రకారమే చేశావని, తప్పు నాదేనని రాసిస్తాను. నా టికెట్ రద్దు చేస్తే చేయనీ. హన్మాండ్లు అన్నకు పొద్దున్నే చెప్పాను. "నీ ఒక్కని అబద్ధానికి కాలనీ టికెట్ పోతే ఎట్లరా" అని చాలాసేపు తిట్టాడు. తలవంచుకుని పడ్డాను.

నా కోపం చల్లారింది. నీది కూడా చల్లారాలని ఎదురుచూసే,
తుకారాం.

తా.క.: తప్పు నాదెట్లా అని అడుగుతావు. ఆ రోజు రైలు సమయానికే వచ్చింది. మిల్లు వైపు పోయే బస్సులు కూడా వచ్చాయి, సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నువ్వు ఆ రూటుకు మారావని ముందురోజే విన్నాను. కాలనీ వదిలి ఆరేళ్లయింది, ఒక్కసారీ ఇటు రాలేదు. నీ బస్సులో కూర్చుని, నువ్వు టికెట్ అడిగితే చూపించి, రెండు మాటలు మాట్లాడాలనుకున్నాను. విచారణలో ఇది చెప్పడానికి సిగ్గే, అయినా చెబుతాను. మూడు బస్సులు వచ్చాయి, మూడింటినీ పోనిచ్చాను. నాలుగోది నీది.