అక్క కారెక్కే ఎత్తు

1948 సెప్టెంబరు 1, బుధవారం. ఉదయం 6.10

తీర్మానం చేశాను! పందొమ్మిదో తేదీ ఆదివారంలోగా మా కారును నాలుగంగుళాలు కిందికి దించుతాను. ఎమిలీ అక్క తన కాళ్లతో తనే కారెక్కి ఆదివారం ఆరాధనకు మా చర్చి గుడికి వస్తుంది.

కారు 1927 నాటిది. తన దేశం వెళ్లిపోతున్న దొర ఒకాయన దగ్గర కొన్నాను. ఒంటెలా ఉంటుంది. మెట్టుపలక నేలకు పదహారు అంగుళాల ఎత్తు. కిందటేడు తుంటి విరిగాక అక్క కాలు పన్నెండుకు మించి లేవదు. ఒకసారి స్టూలు వేస్తే అది జారి, గుడి ముందు అందరి ఎదుటా అక్క బోర్లా పడింది. మిషన్ స్కూలు బోర్డింగులో ఇరవై రెండేళ్లు మేట్రన్‌గా పిల్లల్ని హడలెత్తించిన మనిషి! ఆ రోజు నుంచి ఇల్లు కదల్లేదు. ఎత్తి కూచోబెడతానంటే, "నేనేమన్నా బియ్యం బస్తానా, దాసూ?" అంటుంది.

నేను అదే స్కూల్లో లెక్కల మాస్టర్ని. పదహారులోంచి నాలుగు తీసేయడం ఎంతసేపు?

సెప్టెంబరు 2. సాయంత్రం 5

మోండా మార్కెట్ వెనక మౌలా అలీ షెడ్డు. పదేళ్లుగా మా కారుకు అతనే వైద్యుడు. కిందికి దూరి, నల్లటి చేతులతో బయటికొచ్చి మూడు దారులు చెప్పాడు.

ఒకటి: చక్రాల మీద బండి బరువు మోసే కమానులో ఉన్న ఏడు ఉక్కు పట్టీల్లో రెండు తీసేయడం.
రెండు: కమానును కొలిమిలో కాల్చి వంపు తగ్గించడం.
మూడు: ఇరుసు మీదున్న కమానును ఇరుసు కిందికి మార్చడం.

"ఏది మంచిది, మౌలా భాయి?"

"మూడు సుత మంచియే, మాస్టర్ సాబ్. మూడిట్ల తక్లీఫ్ సుత ఉంది. పట్టీలు తీస్తే బండి ఎగుర్తది. కాలిస్తే ఉక్కు మెత్తగైతది. కిందికి మారిస్తే రోడ్డు మీద మేకపిల్ల పండుకున్నా తగుల్తది. జెర సోచాయించి చెప్పుండ్రి, పొద్దుగాల్నే షురూ చేస్తా."

రేపే చెప్తాను!

సెప్టెంబరు 4

పట్టీలు తీసేద్దాం. ఖాయం.

మధ్యాహ్నం 2: ఖాయం కాదు. "ఎగిరే బండిలో వదిన తుంటి ఏమవుతుందండీ?" అంది కాంతమణి. మా ఆవిడకు కార్ల సంగతి ఏమీ తెలియదు. అయినా పట్టీల మాట కొట్టేశాను.

సెప్టెంబరు 7

కొలిమి! వంపు ఎంత తగ్గాలో క్లాసులో బోర్డు మీద లెక్క కట్టాను. హెడ్మాస్టరు దేవానందం గారు కిటికీలోంచి చూసి, "ఇది ఏ పాఠమండీ?" అన్నారు. చెరిపేశాను. జవాబు కూడా చెరిగిపోయింది.

సెప్టెంబరు 10

మూడోదే సరైనది. ఇంటి నుంచి గుడి దాకా నడిచి, రోడ్డు మీద మేకల్ని లెక్కపెట్టాను. పద్నాలుగు. వద్దు.

పైగా పెట్రోలు దొరకడం లేదు. డబ్బా అడుగున ఉన్నదే గతి. నడవని కారును దించి ఏం లాభం? (ఇది సాకు కాదు.)

సెప్టెంబరు 13, సోమవారం

ఇండియా సైన్యం మా సంస్థానం సరిహద్దు దాటి లోపలికొచ్చిందట. స్కూలుకు సెలవు. మార్కెట్ మూశారు. మౌలా అలీ షెడ్డుకు తాళం. యుద్ధం వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? (ఇదీ సాకు కాదు.)

సెప్టెంబరు 17. సాయంత్రం

యుద్ధం ముగిసిందని రేడియోలో చెప్పారు. మా వీధిలో కొందరు టపాకాయలు కాల్చారు. కొందరు తలుపులే తీయలేదు.

ఎల్లుండే ఆదివారం. కారు ఎత్తు పదహారు అంగుళాలు. అక్కకు చెప్పాను. "పోనీలే, దాసూ" అంది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 18, శనివారం. ఉదయం 9

మౌలా అలీ వచ్చాడు. మల్కాజ్‌గిరి నుంచి నడిచొచ్చాడు.

"నిన్న మా ఇంటి మీద రాళ్లేసిన్రు, మాస్టర్ సాబ్. ఇయ్యాల మళ్ల వస్తమన్నరు. పిల్లలున్నరు. అమ్మ నడువలేదు."

కారు తీశాను. ఆలోచించడానికేమీ లేదు.

మధ్యాహ్నం 3

పదకొండు మంది! మౌలా అలీ, భార్య జాన్ బీ, తల్లి ఇమాంబీ, తమ్ముడూ మరదలూ, రెండు జంటల పిల్లలు ఆరుగురు. పైన ఒక కోళ్ల గంప.

మలుపు దగ్గర కర్రలతో నలుగురు ఆపారు. ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే.

"ఎవరు సార్ వీళ్లు?"

"మా వాళ్లు" అన్నాను. వాడు కర్ర దించి, పక్కకు జరిగాడు.

ఇంటి ముందు ఆపాక గుర్తొచ్చింది, మావి రెండే గదులు! కాంతమణి నోరు తెరిచేలోగా అక్క కర్ర చప్పుడు వినిపించింది.

"బోర్డింగు ఖాళీగానే ఉంది. తాళాలింకా నా దగ్గరే ఉన్నాయి. పదండి."

ఇమాంబీ జరిగి చోటిచ్చింది. అక్క మెట్టుపలక మీద కాలు పెట్టింది. ఎక్కింది. కూచుంది. అంతమంది బరువుకు కారు నేలకు అణిగిపోయి ఉంది. నేను చక్రం పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

"నా మొహంలో ఏముంది? పోనియ్!"

స్కూలు గేటు దాటుతుంటే టప్‌మంది. కుడి కమాను విరిగింది. కారు ఒక పక్కకు కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సెప్టెంబరు 19, ఆదివారం

గుడి స్కూలు ఆవరణలోనే ఉంది. అక్క రాత్రి తన పాత గదిలోనే పడుకుంది. పొద్దున్నే కర్ర పట్టుకుని, జాన్ బీ భుజం మీద చెయ్యి వేసి, గుడి గుమ్మం దాకా నడిచొచ్చింది. తర్వాత ఒక్కతే లోపలికొచ్చి ముందు బల్ల మీద కూచుంది. నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని కాంతమణి చెప్పింది.

సెప్టెంబరు 30

మౌలా అలీ వాళ్లు ఇంకా బోర్డింగులోనే. కారు కూడా అక్కడే, వాలిపోయి ఉంది. ఇవాళ కుడి మెట్టుపలక కొలిచాను. సరిగ్గా పన్నెండు! ఆ పక్కనుంచే అక్క రోజూ ఎక్కి కూచుని పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోందట. నాకెవరూ చెప్పలేదు.

"కుడి దిక్కు కొత్త కమాను ఏస్తా, పట్టీలు తక్కువతోని. ఎడమ దిక్కు సుత రెండు తీస్తా. ఏమంటరు, మాస్టర్ సాబ్?"

"తీసెయ్!" అన్నాను. నా నోటితోనే!

ఎడమ నట్టు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి వదిలేశాం.

అక్టోబరు 1, శుక్రవారం. ఉదయం 6.10

తీర్మానం చేశాను! క్రిస్మస్‌లోగా కారును నాలుగంగుళాలు దించుతాను. మౌలా అలీ పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

కానీ పిల్లలకు అక్షరాలు వచ్చేదాకా అక్క కారులోంచి దిగనంటోంది.