అమ్మకు జడల టోపీ

నంద్యాల, డిసెంబరు 8

అమ్మా,

కాలేజీలో నాకు డిగ్రీ పట్టా ఇచ్చే పండగ సంగతి ఎత్తితే నువ్వు ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి ఈ కార్డు రాయక తప్పలేదు. చెల్లీ హర్షిణీ, అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చదివి వినిపించు.

మందులకు జుట్టు రాలిపోయిందని, బోడినెత్తితో నలుగురిలోకి రానన్నావు. అందుకే నీకు ఉన్ని టోపీ అల్లాను. హాస్టల్ ఎదురింటి లీలావతమ్మ నేర్పింది. భర్త మిలిటరీలో ఉన్నప్పుడు చలి ఊళ్లలో నేర్చుకుందట. టోపీ మీద జడలు రావాలని కుట్లను మెలితిప్పుతూ పోయాను. ఆమె చూసి, "ఏం పాపా, ఇది జడనా, ఎద్దుకు కట్టే పలుపా? అన్నీ ఒగ పక్కకే తిప్పితే తాడే అయితాది. మీయమ్మ నీకు యాట్ల ఏస్తాండె జడ?" అని నవ్వింది. అప్పుడు నీ వేళ్లు గుర్తొచ్చాయి. కుడి పాయ ఒకసారి, ఎడమ పాయ ఒకసారి. విప్పి అలాగే అల్లితే జడలు కుదిరాయి. వాటి మధ్య సన్నటి కుట్ల వరస ఒకటి పక్కకు జరుగుతూ, పాపిట తీసినట్టు నడినెత్తికి చేరుతుంది.

ఆడపిల్లకు చదువెందుకని అందరూ అన్నా, రోజూ నాకు జడేసి బడికి పంపింది నువ్వే. నీ చేతులకు దండం పెడుతున్నాను.

మందులు అన్నం తిన్నాకే వేసుకో. బర్రె ఈనిందా? నాయనను మంచులో మడికి పోవద్దను.

మా గదిలో ఉండే సాయి ప్రియ ఆదివారం ఆళ్లగడ్డకు వచ్చి టోపీ ఇస్తుంది. బిగుతైతే ఇంకొకటి అల్లడానికి వారం పడుతుంది. పండగ ఇరవై ఎనిమిదిన. వస్తావా అని అడగను. టోపీ సరిపోయిందో లేదో మాత్రం పద్దెనిమిదిలోగా రాయించు.

నీ రక్షిత