పాత గుంతలోని నీళ్లు

ఎల్బీనగర్,
17 ఆగస్టు 2025, ఆదివారం.

పెద్దలు రామస్వామి అన్నకు,

కనకరాజు నమస్కరించి రాస్తున్నది. కిష్టమ్మ వదినకు మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని, నువ్వు మన్సూరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉన్నావని మన షెడ్డు నగేశ్ చెప్పాడు. ఇక్కడ మేమందరం బాగున్నాం. ఆ ముక్క రాయడానికే సిగ్గుగా ఉంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల కర్మన్‌ఘాట్ గుడి దగ్గర నిన్ను చూశాను. చెప్పుల స్టాండు పక్కన వదిన కోసం ఎదురుచూస్తున్నావు. నీ వైపు నాలుగడుగులు వేసి, కారులో ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాను. నువ్వు చూశావో లేదో.

బోల్టులకు జింకు పూత వేశాక మిగిలే నీళ్లలో సున్నం కలిపి, జింకు ముద్దగట్టి అడుక్కి దిగాక తేట నీళ్లు బయటికి వదలడం పన్నెండేళ్లు నీ చేతుల మీదుగానే జరిగింది. రెండేళ్ల కింద నేను కొత్త కడుగుడు పొడి తెచ్చాను. బోల్టులు తళతళలాడాయి. నీళ్లు మాత్రం ఎప్పుడు పరీక్షకు పంపినా జింకు అలాగే ఉందని వచ్చేది. మూడోసారి కాలుష్య తనిఖీవాళ్లు షెడ్డు మూసేస్తామన్నారు.

ఆ రోజుల్లోనే నువ్వు నా టేబుల్ దగ్గరికొచ్చి ఒక మాట చెప్పావు.

"రాజు, ఎనక పాత గుంతల నిలవున్న నీళ్లకు సున్నమేస్తే ముద్ద గడ్తున్నది. కొత్త తొట్టిల గడ్తలేదు. గిదేందో ఎవరికన్న జర చూపియ్యి."

నేను ఫోన్‌లో మాట్లాడుతూ చేత్తోనే పొమ్మన్నాను.

ఆ మరుసటి వారం తనిఖీకి వచ్చినవాళ్ల ముందు, పనివాళ్లందరూ వింటుండగా, నువ్వు సున్నం బస్తాలు బయట అమ్ముకుంటున్నావని, నీళ్లలో సరిగా వేయకపోవడం వల్లే జింకు దిగట్లేదని చెప్పాను. నువ్వు గొడవ చేయలేదు. చేతి తొడుగులు తీసి, కడిగి, తీగ మీద ఆరేసి వచ్చావు. "బోల్టులు తీగకు గుచ్చుడు నీకు నేనే నేర్పిన. అబద్ధమాడుడు నేర్పలే" అని వెళ్లిపోయావు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ నీకు పని దొరకలేదు. నా మాట నీకంటే ముందే అన్నిచోట్లకూ చేరింది.

ఈ ఏడాది సౌందర్య అని, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే అమ్మాయి మన షెడ్డుకొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటుంది. ఆ పొడిలో ఈడీటీఏ అనే రసాయనం ఉందని, అది జింకును పట్టుకుని నీళ్లలోనే ఉంచేస్తుందని, సున్నం ఎంత పోసినా విడవదని చెప్పింది. నీ పాత గుంత అడుగు బురద సీసాల్లో పట్టుకెళ్లి, నాలుగు నెలలు ఆ రసాయనమే తిండిగా పెట్టి అందులోని సూక్ష్మజీవులను పెంచింది. మొదటిసారి పెద్ద తొట్టిలో వేస్తే యాసిడ్ నీళ్లు కలిసి చచ్చిపోయాయి. రెండోసారి బతికాయి. అవి రసాయనాన్ని మెల్లగా తినేస్తుంటే, పట్టు వదిలిన జింకు సున్నానికి దిగుతోంది. పోయిన వారం పరీక్షలో నీళ్లు పాసయ్యాయి.

గుంత శుభ్రం చేయిద్దామని నేనన్న ప్రతిసారీ ఇంకొన్నాళ్లు చూద్దామని ఆపింది నువ్వే. ఆ బురదను అలా ఉంచిన మనిషితో మాట్లాడాలని సౌందర్య అడిగింది. మానేశాడని చెప్పాను.

అన్నా, పొడి సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియక నీ మీద నింద వేశాను. మళ్లీ పనికి రమ్మని అడిగే ముఖం నాకు లేదు. తెలియక జరిగిన తప్పు అనుకుని, వీలైతే క్షమించు. వదినకు నా నమస్కారాలు.

నీ దగ్గర పని నేర్చుకున్న
కనకరాజు

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. తెలియక అని పైన రాసింది అబద్ధం. నిన్ను పంపించడానికి నాలుగు రోజుల ముందే పొడి అమ్మే జగన్ వచ్చి, ఇది వాడితే సున్నానికి జింకు దిగదని, వేరే ఏర్పాటు చేసుకోమని నాకు చెప్పిపోయాడు. పొడి తెచ్చింది నేను. ఒప్పుకుంటే షెడ్డు పోతుందని భయపడ్డాను. నీ పేరు చెబితే నువ్వు ఎదురు తిరగవని నాకు తెలుసు, అందుకే నీ పేరు చెప్పాను. రేపు పొద్దున పని మొదలుకాకముందు అందరి ముందూ నిలబడి ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. నకలు ఒకటి తనిఖీవాళ్లకు ఇస్తాను. ఆ రెండూ అయ్యాకే దీన్ని పోస్టులో వేస్తాను. ఇది నీ చేతికి అందిందంటే, చదివానని అర్థం.