యూరీ తాత వేసిన వేషం

ఇన్వర్‌కార్గిల్,
6 జూన్ 2004

ప్రియమైన షీనా డాడీకి,

మీరు నన్నిక్కడ దింపి వెళ్లి అప్పుడే నాలుగు వారాలు. ఈ దక్షిణపు కొసన జూన్ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వొద్దు. ఫోన్లో మీ గొంతు వింటే ఏడుపు తప్ప మాట రాదు, అందుకే ఉత్తరం. కోర్సు ఇంకా ఎనిమిది వారాలే. అది గట్టెక్కితే ఈ దేశంలోనూ నేను నర్సునే. నర్సు చదువు ఉండీ మూడేళ్లుగా కేర్‌గివర్‌నని చెప్పుకుని విసిగిపోయానండీ.

ట్రైనింగ్‌కి వేసిన ముసలాళ్ల రెస్ట్‌హోమ్‌లో యూరీ అని ఓ రష్యా తాత ఉన్నాడు. మతిమరుపు. చిన్నప్పుడు సినిమాల్లో వేశాడట. ఒకదాంట్లో గొర్రెల కాపరి, ఇంకోదాంట్లో సిపాయిల వెంట డప్పు కొట్టే పిల్లాడు. నిన్న మాత్రం సొంత కథ చెప్పాడు. ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ రైల్వే స్టేషన్లో కూర్చోబెట్టి, రొట్టె తెస్తానని వెళ్లి మళ్లీ రాలేదట. "అమ్మొస్తే వెతుక్కుంటుందని మూడు రోజులు కదల్లేదు" అన్నాడు. మన షీనాకీ ఏడేళ్లే కదా! దాన్ని వదిలొచ్చి తప్పు చేశానా? మీ మాటే నాకు నమ్మకం. దాచకుండా చెప్పండి.

షీనాకు రెండు ముద్దులు, మీకు ఒకటి,
మీ శిరోమణి

హామిల్టన్,
20 జూన్ 2004

ప్రియమైన శిరోమణీ,

ప్రభువు దయవల్ల ఇద్దరం క్షేమం. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ తాత నోట దేవుడే నీతో మాట్లాడాడనిపించింది. ఈరోజు మన తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన అంశాలు అడిగితే, లేచి ఆ కథంతా చెప్పాను. మంగాదేవి ఆంటీ వెక్కి వెక్కి ఏడ్చింది. శిరోమణి ఇల్లు చేరాలని అందరూ మోకరించారు.

షీనాకి కూడా చెప్పాను. ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే పిల్ల, "మమ్మీ కూడా రాదా డాడీ?" అని తెలుగులో అడిగింది.

కోర్సు ఎప్పుడైనా చెయ్యొచ్చు, పసితనం మళ్లీ రాదు. మా షాపులో పనిచేసే పాండురంగ అప్పుడే నన్ను "ఏం, నర్సమ్మ మొగుడా" అంటున్నాడు. అదలా ఉంచు. బలవంతం లేదు, నీ ఇష్టం.

నీ క్షేమం కోరే,
రత్నరాజు

ఇన్వర్‌కార్గిల్,
28 జూన్ 2004

ప్రియమైన షీనా డాడీకి,

మానేస్తున్నానని ఈ ఉదయం కాగితం ఇచ్చేశాను. "అయిదు వారాలే కదా, శిరోమణీ" అని కోర్సు మేడం ఎంతో చెప్పింది. నోటికాడి ముద్ద నేనే పారేసుకున్నట్టుంది. పోనీలెండి, షీనా కంటే ఎక్కువా? పదకొండున ఇల్లు చేరతాను. మమ్మీ వస్తోందని దానికి చెప్పండి.

మీ శిరోమణి

హామిల్టన్,
1 జూలై 2004

ప్రియమైన శిరోమణీ,

ప్రార్థన ఫలించింది! పదకొండో తేదీ ఆదివారమే. ఆంటీ వాళ్లింట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. సాక్ష్యం నువ్వే చెప్పాలట. ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.

ఎదురుచూస్తూ,
నీ రత్నరాజు

ఇన్వర్‌కార్గిల్,
5 జూలై 2004

రత్నరాజు గారికి,

మొన్న శనివారం మధ్యాహ్నం రెస్ట్‌హోమ్ హాల్లో, ముసలాళ్ల ఆటపాటల పని చూసే మార్గరెట్ ఓ పాత సినిమా క్యాసెట్ పెట్టింది. మానేసినా ఓసారి చూసిపోదామని వెళ్లి, యూరీ తాతకు టీ తాగిస్తున్నాను. తెర మీద రైల్వే స్టేషన్, బెంచీ మీద పిల్లాడు, వెళ్లిపోతున్న తల్లి. తాత "నేనే, నేనే" అని చప్పట్లు కొట్టాడు. అది ఆయన వేసిన వేషమండీ! మతి తప్పి, వేషాన్నే బతుకనుకుంటున్నాడు. అసలు వాళ్లమ్మ షూటింగ్ అయినన్నాళ్లూ కెమెరా వెనకే కూర్చుందట.

తాత మీద నాకు కోపం లేదు. తర్వాత మార్గరెట్ అన్న మాట వినండి. "మీ ఆయన చూశాడుగా ఈ సినిమా! మేలో నిన్ను దింపిన రోజు, నువ్వు యూనిఫాం కోసం వెళ్తే, తాత పక్కనే కూర్చుని మొత్తం చూశాడు. ఇవన్నీ వేషాలేనని నేనే విడమర్చి చెప్పాను" అంది.

తెలిసీ దాన్ని దేవుడి మాటన్నారా? నమ్మించి గొంతు కోశారు. ప్రార్థన పేరు పెట్టి ఇంటి గుట్టు పదిమందిలో వేశారు. నన్నంటే సరే, షీనాని ఎందుకు ఏడిపించారు? నర్సమ్మ మొగుడనిపించుకోవడం అంత నామోషీనా? "నువ్వు లేకపోతే నాకు కష్టంగా ఉంది, వచ్చెయ్" అని ఒక్క ముక్క రాసుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆ సంగతీ మీకు తెలుసు.

ఈ ఉదయం వెళ్లి మేడంని బతిమాలాను. నా పేరు అప్పుడే కొట్టేశారట, మళ్లీ చేర్చుకోవడం కుదరదంది. కొత్త కోర్సు ఫిబ్రవరిలోనేనట. అప్పటిదాకా ఇక్కడే కేర్‌గివర్‌గా ఉంటాను. ఆదివారం వస్తున్నాను. కూడికలో నిలబడి జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత ఇంటికొస్తాను. నాతో వస్తావా అని షీనాని నేనే అడుగుతాను. వస్తానంటే సెలవులయ్యాక ఇక్కడి స్కూల్లో చేర్పిస్తాను, రానంటే దాని ఇష్టం. ఈలోపు మీరు మాత్రం దానికి ఏమీ చెప్పకండి. మీ నోటి నుంచి ఏది వచ్చినా అది నిజమనే నమ్ముతుంది, నాలాగే.

శిరోమణి