కరియకు ఎన్ని రొట్టెలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

నీ కుక్క కరియ ఎముకలు తేలి చిక్కిపోయింది. రోజూ ఒక జొన్నరొట్టె వేస్తూనే ఉన్నాను. ఈ కరువులో కుక్కకు అంతకన్నా ఎవరు పెడతారు? నిన్న, ఆలూరు గుట్టల్లో నీతో గొర్రెలు మేపిన మారెప్ప మామను అడిగాను, దీనికి ఎంత పెట్టాలని.

"ఒకటి యాడ సాలుతాదమ్మా? మీయన్న సద్దిలో నాలుగు రొట్టెలుంటే మూడు దానికే ఏస్తాండె. కుక్క నీరసపడితే తోడేలు మందను ఇడిసిపెట్టదంటాండె" అన్నాడు.

నేను కట్టిందే నాలుగు. సాయంత్రం "కడుపు నిండిందా?" అని అడిగితే "నిండింది పాపా" అనేవాడివి. రెండు రోజుల జ్వరానికే అంత మనిషివి ఎలా పోయావో ఇప్పుడు తెలిసింది. ఇంకో రెండు కట్టమని అడగడానికి నీకు నోరు రాలేదా? నా వంతు తగ్గుతుందనే కదా? సగం కడుపుతో ఉండటం నాకు మాత్రం చేతకాదనుకున్నావా?

ఈరోజు కరియకు మూడు రొట్టెలు వేశాను. అవి తిని, నా కంచంలోని రొట్టె వైపు చూసింది. కొట్టబోయి ఆగాను. "ఇది నాది" అని గట్టిగా చెప్పి, దాని ఎదురుగానే కూర్చుని ముక్క మిగల్చకుండా తిన్నాను.